చలానా వెంట కడప దాకా

2023 ఫిబ్రవరిలో మేము కర్నూలు నుంచి కడపకు ఒక శుభకార్యం నిమిత్తం వెళ్ళి వచ్చాము. మా తోడల్లుని మనవరాలికి ప్రధానం జరిగింది. వెళ్ళాము, భోజనాలు చేశాము, చీకటి పడకముందే ఇల్లు చేరాము. అంతా క్షేమంగా జరిగిందనుకున్నాము. ఆరవ దినాన మా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మా కారు నంబరు, తేది, సమయం, కడప దారిలో ఒక ఊరి పేరు అందులో ఉన్నాయి. గంటకు 60 కిలోమీటర్లు హద్దు ఉన్నచోట 84 కిలోమీటర్ల వేగంతో పోయినందుకు 1,035 రూపాయలు కట్టాలని రాసి ఉంది. జరిమానా వెయ్యి, రుసుము 35.

మేము ఉద్యోగ విరమణ చేసి కర్నూలులో కాపురముంటున్న భార్యాభర్తలం. మా ఇద్దరికీ కారు నడపడం రాదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా కుమారుడు తన పాత కారును మా పేర మార్పించి మా దగ్గర వదిలాడు. ఆసుపత్రికో, పెండ్లికో వెళ్ళవలసి వచ్చినప్పుడు మా వీధి చివర ఉండే ఒక అబ్బాయి వచ్చి నడుపుతాడు. దినానికి ఎనిమిది వందల బత్తా ఇస్తాము. తండ్రి లేని పిల్లవాడు. తన లైసెన్సును నమ్ముకొని తల్లినీ చెల్లెలినీ పోషిస్తున్నాడు.

సందేశం చదవగానే మాకు కోపం వచ్చింది. అక్కడ బోర్డే లేదని మాలో ఒకరం, ఖాళీ రోడ్డు మీద ఎవరికి నష్టమని ఇంకొకరం అనుకున్నాము. ఆదివారం ఆరాధన తరువాత గుడి ఆవరణలో ఈ మాట ఎత్తితే పదిమంది పది విధాలుగా చెప్పారు. "కట్టేయండి సార్, వెయ్యి రూపాయలకు కోర్టు మెట్లు ఎక్కుతారా?" అని ఒకరు. "కట్టవద్దు, లోక్ అదాలత్ వచ్చినప్పుడు చూసుకుందురు" అని ఒకరు. "కోర్టులోనే తేల్చుకోండి, ఫోటో తీసిన మిషను సరిగ్గా ఉందని వాళ్ళే రుజువు చేసుకోవాలి" అని మరొకరు. ఈ చివరి మాట మాకు బాగా నచ్చింది.

ఆ సాయంత్రం ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చి, నిలబడే, అయిదు వందల రూపాయల నోటు చేతికి ఇచ్చాడు. "సగం మీరు, సగం నేను సార్" అన్నాడు. మేము ఆ నోటు తీసుకొని బీరువాలో పెట్టుకున్నాము. ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది. కాని దీనిని వదిలిపెడితే మిగతా సంగతి అర్థం కాదు.

ప్రధానం పెట్టుకున్న పెండ్లికూతురి తండ్రి, అంటే మా తోడల్లుని కుమారుడు, కడపలో వకీలు. అతనికి ఫోను చేశాము. "పెదనాన్నా, కోర్టుకు పోవాలా వద్దా అన్నది తరువాత. ముందు బోర్డు ఉందో లేదో మీ కళ్ళతో చూసి రండి. ఫోటో తీసుకోండి. కడపకు వస్తే మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ విధంగా మార్చి రెండవ వారంలో, జరిమానా ఎందుకు పడిందో తెలుసుకోవడం కొరకు, అదే దారిని ఆర్టీసీ బస్సులో మరల వెళ్ళాము.

బస్సు కిటికీలో నుంచి

కర్నూలు నుంచి కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. ఒకప్పుడు దీనిని 18వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు 40వ నంబరు. నాలుగు వరుసల రోడ్డు అయిన తరువాత కారులో పోయేవారికి మధ్యలో ఊళ్ళున్న సంగతే తెలియదు. ఫిబ్రవరిలో మాకూ తెలియలేదు. బస్సులో కూర్చుంటే తెలిసింది.

కర్నూలు దాటిన కొంతసేపటికి ఓర్వకల్లు రాళ్ళు వస్తాయి. ఎవరో పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలిచిన గుట్టలు. అక్కడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం 2021లో ప్రారంభమయింది. ఆ పక్క పొలంలోనే గొర్రెలు మేస్తున్నాయి. అక్కడి నుంచి పాణ్యం, తరువాత నంద్యాల. 2022 ఏప్రిల్‌లో నంద్యాల కొత్త జిల్లాకు కేంద్రమయింది. మా చిన్నతనం నుంచి "కర్నూలు జిల్లా నంద్యాల" అనే అలవాటు మా నాలుక మీద నుంచి ఇంకా పోలేదు.

నంద్యాల నుంచి దక్షిణంగా పోతుంటే ఎడమ వైపు దూరంగా నల్లమల కొండలు నీలంగా కనబడుతూనే ఉంటాయి. కుడి వైపు దూరాన ఎర్రమల. ఈ రెండు కొండల వరుసల నడుమ కుందూ నది పారే నల్లరేగడి నేల. మేము పోయిన రోజులకు శనగ కోతలు అయిపోయాయి, నేల బీటలు వారి ఉన్నది. నీళ్ళు అందిన చోట అరటి, వరి. అందని చోట తుమ్మ చెట్లు. పొలాల గట్ల మీద నాపబండలు నిలబెట్టి కంచె కట్టుకున్నారు. మన సీమలో రాయికి కొదవ లేదు. నీటికే కొదవ.

ఆ నీటిని తెచ్చేది కర్నూలు-కడప కాలువ. కె.సి. కెనాల్ అని అందరికీ తెలుసు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వస్తుంది. 1860ల నాడు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీనిని తవ్వించింది. సాగుకే గాక పడవలు నడపడానికి కూడా ఉద్దేశించారు. కంపెనీకి ఆదాయం చాలక, 1882లో ప్రభుత్వమే దానిని కొన్నది. కర్నూలు నుంచి కడపకు ఒక కాలంలో మనుషులు ఎడ్లబండి మీదనో పడవ మీదనో వెళ్ళాలనుకున్నారంటే, మూడున్నర గంటలలో చేరడానికి మేము ఎంత తొందరపడ్డామో తలచుకొని నవ్వు వచ్చింది.

వేగం సంగతి వచ్చింది గనుక ఒక పాత కథ. వేగంగా కారు నడిపినందుకు లోకంలో మొదట జరిమానా కట్టినవారిలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు వాల్టర్ ఆర్నాల్డ్ పేరు చెబుతారు. 1896 జనవరిలో అతడు ఒక గ్రామం గుండా గంటకు ఎనిమిది మైళ్ళ వేగంతో, అంటే సుమారు 13 కిలోమీటర్లతో పోయాడు. హద్దు రెండు మైళ్ళు. కానిస్టేబులు సైకిలు మీద తరిమి పట్టుకున్నాడు. వేగానికి ఒక షిల్లింగు జరిమానా పడింది. మన ఊరి కుర్రవాళ్ళు సైకిలు మీద అంతకంటె వేగంగా పోతారు. అయితే అది ఊరి నడుమ. బండి అలవాటు లేని పిల్లలు, పశువులు తిరిగే దారి. ఆనాటికీ ఈనాటికీ మారనిది ఊరే.

బస్సు ఆళ్ళగడ్డలో ఆగింది. రోడ్డు పక్క శిల్పుల ఉలి చప్పుళ్ళు వినబడ్డాయి. టీ తాగి మరల ఎక్కి కూర్చున్నాము. బస్సు కదిలిన కొద్దిసేపటికి మాలో ఒకరు, "ఫోను వచ్చింది ఇక్కడనే కదా?" అన్నారు.

అవును, ఇక్కడనే. అప్పటి దాకా ఆ సంగతిని ఇద్దరమూ మరచిపోయాము. లేక మరచిపోవాలనుకున్నాము.

ఆ దినం ఉదయం అయిదు గంటలకు బయలుదేరుదామని అబ్బాయిని పిలిచాము. అతడు నాలుగున్నరకే వచ్చి కారు తుడిచి కాచుకొని ఉన్నాడు. మేము బయలుదేరేసరికి పావు తక్కువ ఏడు. ఇంటికి తాళం వేసి, మరచిపోయిన వెండి గిన్నె కోసం తాళం తీసి, మరల వేశాము. ఆళ్ళగడ్డ దాటేసరికి కడప నుంచి ఫోను వచ్చింది. "అయ్యగారు వచ్చేశారు, మీ కొరకే ఆగినాము" అన్నారు. మేము అబ్బాయితో, "నాయనా, కొంచెం తొందరగా పోనీ" అన్నాము. కొంత దూరం పోయాక అతడు, "ఊరు వస్తాంది సార్" అన్నాడు. "రోడ్డు ఖాళీగానే ఉంది కదా" అన్నది మేమే. ముందు సీటులో ఉన్నవారు ముల్లు ఎనభై దాటడం చూశారు కూడా.

బస్సులో మేమిద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

కానుగ చెట్టు

ఆ ఊరి పేరు రాయడం లేదు. మన సీమలో ఇటువంటి ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడ ఆగదు గనుక ముందు ఊరిలో దిగి పల్లెవెలుగు బస్సు ఎక్కి వెళ్ళాము. రోడ్డుకు ఒక పక్క ఊరు, ఇంకొక పక్క బడి, కొన్ని ఇండ్లు, పొలాలు. కర్నూలు వైపు నుంచి వచ్చే దారి మీద వెనక్కు నడుచుకుంటూ వెళ్ళి చూశాము.

బోర్డు ఉన్నది. ఎర్ర అంచు గుండ్రని బోర్డు మీద 60 అంకె చక్కగా ఉన్నది. అయితే దాని ముందు ఒక పెద్ద కానుగ చెట్టు. రెండు కొమ్మలు వంగి బోర్డును పూర్తిగా కప్పాయి. పదిపదిహేను అడుగుల దగ్గరకు వస్తే గాని అంకె కనబడదు. కారులో వచ్చేవానికి ఆ సరికి అది వెనక్కు పోయి ఉంటుంది.

మా ప్రాణం లేచి వచ్చింది. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాము. కేసు గెలిచామనే అనుకున్నాము.

ఆ చెట్టు నీడలో ఒక అవ్వ కళింగర కాయలు రాశిపోసి అమ్ముతున్నది. "యా ఊరు నాయనా మీది? ఎండలో చెట్టుకేం ఫోటోలు తీస్తాండరు?" అని అడిగింది. బోర్డు కనబడడం లేదని, కొమ్మలు కొట్టించాలని చెప్పాము. అవ్వ ముఖం మారిపోయింది. "కొమ్మలు కొడితే నాకు నీడ యాడుంటాది? ఈ నీడకే గదా నేను అంగడి పెట్టుకునింది" అన్నది. మాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఒక కాయ కోయించుకొని అక్కడే కూర్చున్నాము.

చిల్లర తేవడానికి ఆమె మనవడిని కేక వేసింది. పదమూడేండ్ల పిల్లవాడు. కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. మేము అడగకుండానే అవ్వ చెప్పింది. "నాలుగేండ్లాయ. బడికి పోతా దాటుతాంటే కారు తగిలె. నిలపకుండానే పాయ వాడు. కాలికి రాడ్డు ఏసినారు. పిల్లోడు బతికినాడు, అదే చాలు." అక్కడి నుంచి బడి గోడ కనబడుతున్నది. బడికి పోవాలంటే నాలుగు వరుసలూ దాటాలి.

తరువాత అవ్వ ఊరికే అడిగినట్టు అడిగింది. "మీరేమన్నా మెల్లగ పోయింటిరా ఆ పొద్దు?"

ఏ కోర్టులోనైనా మమ్మల్ని అడగదగిన ప్రశ్న అదొక్కటే. కళింగర ముక్క చేతిలో పట్టుకొని మేము ఏ జవాబూ చెప్పలేకపోయాము.

ఊరి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా రెండు కిలోమీటర్లకు మించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ దూరానికి రెండు నిమిషాలు. 84తో పోతే ఒక నిమిషం 26 సెకన్లు. మేము ఆ ఊరిలో సంపాదించుకున్నది 34 సెకన్లు. దానికి పెట్టిన వెల వేరే. 60 వేగంలో కారు ఒక సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది, 84లో 23 మీటర్లు. పిల్లవాడు అడ్డం వచ్చాడని గ్రహించి బ్రేకు మీద కాలు పెట్టే లోపలే ఆ దూరం జరిగిపోతుంది. బ్రేకు వేసిన తరువాత కారు ఆగడానికి పట్టే దూరం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 60కీ 84కీ తేడా ఒకటిన్నర రెట్ల కంటె తక్కువే. ఆగే దూరం మాత్రం దాదాపు రెండింతలు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 71 శాతం మంది అతివేగం వలన జరిగిన ప్రమాదాలలోనే పోయారు. ఇటువంటి అంకెలు మేము పేపర్లలో చదివినవే. ఆ పిల్లవాడు కాలు ఈడుస్తూ చిల్లర తెచ్చి ఇచ్చినప్పుడు వాటి అర్థం తెలిసింది.

కడపలో

మైదుకూరు, ఖాజీపేట దాటి, చెన్నూరు దగ్గర పెన్నా వంతెన మీదుగా సాయంత్రానికి కడప చేరాము. పెన్నలో ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ. కడప అన్న పేరు గడప నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. తిరుమలకు పోయేవారికి ఇది గడప వంటిదట. లోపలికి పోవడమా, వెనుకకు తిరగడమా అని నిలబడి ఆలోచించుకొనే చోటు గడప. మాకూ ఆ రాత్రి అట్లాగే ఉన్నది.

మరునాడు ఉదయం మా వకీలు అబ్బాయి మమ్మల్ని కోర్టు ఆవరణకు తీసుకొని వెళ్ళాడు. నల్లకోట్ల వారు, గుమాస్తాలు, టైపు చేసేవారు, వాయిదాకు వచ్చిన పల్లెటూరి మనుషులు. ఒక తల్లి సద్ది మూట విప్పి పిల్లకు అన్నం పెడుతున్నది. కోర్టు అంటే సీమ మనుషులకు దూరాభారం అనే భావం పాతదే. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట కాకుండా కోస్తాకొకటి, సీమకొకటి ఉండాలనుకున్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రాజధాని కూడా కర్నూలును విడిచింది. కర్నూలులో హైకోర్టు బెంచి ఉండాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించింది. అయితే మా వ్యవహారం హైకోర్టుది కాదు, మేజిస్ట్రేటు కోర్టుది. అప్పటి పద్ధతి ప్రకారం చలానాను కాదంటే, నేరం జరిగిన చోటు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడికే రావలసి ఉండింది.

వేపచెట్టు కింద బల్ల మీద కూర్చొని అతడు మాకు విడమరచి చెప్పాడు. పాఠకులకు కూడా పనికివస్తుంది గనుక, 2023 నాటి నియమాల ప్రకారం అతడు చెప్పిన ఆ మాటలు రాస్తున్నాము.

"పెదనాన్నా, చలానా కట్టడమంటే రాజీ పడటం. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ ప్రకారం అంతటితో సంగతి ముగుస్తుంది. కట్టకపోతే కోర్టుకు పోతుంది, సమను వస్తుంది. స్వయంగా రావచ్చు, వకీలును పెట్టుకోవచ్చు, ఇటువంటి చిన్న కేసులలో తప్పు ఒప్పుకొని ఉత్తరం ద్వారా జరిమానా పంపవచ్చు. తప్పు లేదంటే మాత్రం రుజువు చేయవలసింది వాళ్ళే."

"ఏమి రుజువు చేయాలి?" అని అడిగాము.

"183వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. ఒకే సాక్షి వచ్చి, 'వేగంగా పోయాడని నాకు అనిపించింది' అంటే శిక్ష వేయకూడదు. యంత్రం కొలిచి ఉండాలి. 2021 ఆగస్టులో కేంద్రం పెట్టిన 167ఎ నిబంధన ప్రకారం ఆ యంత్రానికి ఏటేటా ధ్రువపత్రం ఉండాలి. ఫోటోలో బండి నంబరు, తేది, సమయం, స్థలం, కొలిచిన వేగం ఉండాలి. నోటీసు పదిహేను దినాలలో రావాలి. కెమెరా పెట్టిన దారిలో ముందుగా హెచ్చరిక బోర్డు కనబడేటట్టు ఉండాలి."

మేము కానుగ చెట్టు ఫోటోలు చూపించాము. అతడు ఒక్కొక్కటే చూసి, "గట్టి పాయింటే" అన్నాడు. తరువాత ఫోను బల్ల మీద పెట్టాడు. "కాని పెదనాన్నా, నడిపింది ఎవరు? ఎవరు నడిపారని అడిగితే యజమాని చెప్పి తీరాలి. అప్పుడు కేసు ఆ పిల్లవాని మీదికి పోతుంది. ప్రతి వాయిదాకూ వాడు కర్నూలు నుంచి రావాలి. ఒక దినం బత్తా పోయినట్టే. ఇటువంటి నేరం రెండవసారి రుజువైతే లైసెన్సుకే ముప్పు. మీరేమో కారులో ఉన్న సాక్షులు. కారు ఎంత వేగంతో పోతున్నదని అడిగితే ఏమి చెబుతారు?"

"బోర్డు కనబడలేదని చెబుతాము. అది నిజమే కదా?"

"నిజమే. ఊరు కనబడలేదా పెద్దమ్మా?"

మేము జవాబు చెప్పలేదు. ఊరు కనబడింది. ఊరు వస్తాందని అబ్బాయి నోటితో చెప్పాడు కూడా.

మా నిర్ణయం

ఆ రాత్రి మేమిద్దరమూ మేడ మీద కూర్చొని ఈ సంగతినే మాట్లాడుకున్నాము. కోర్టుకు పోవడం తప్పని మేము అనుకోలేదు. ఇప్పుడూ అనుకోము. చలానాలో ఉన్నది మన బండి కాకపోతే, ఎవరో మన నంబరు తగిలించుకొని తిరుగుతుంటే, ఎప్పుడో అమ్మేసిన బండికి మన పేర నోటీసు వస్తే, ఆ దినం బండి ఇంటి దగ్గరే ఉంటే, తప్పక అభ్యంతరం చెప్పాలి. వెయ్యి రూపాయలే కదా అని చేయని తప్పును ఒప్పుకోకూడదు. డబ్బు లేదని భయపడనవసరం లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడిగితే చెబుతారు.

మా సంగతి అది కాదు. బోర్డు కనబడలేదన్నది నిజం. 84 అన్నదీ నిజమే. మొదటి నిజాన్ని అడ్డం పెట్టుకొని రెండవ దానిని దాచాలన్నదే మా తాపత్రయం. పైగా ఆ కేసులో ముందు నిలబడవలసినవాడు మేము కాదు, మా మాట విన్న పిల్లవాడు. తొందరపెట్టినవారి పేరు ఏ ఫోటోలోనూ పడదు.

ఇంకొకటి తోచింది. బోర్డు మా కేసుకు పనికివచ్చే సాక్ష్యం మాత్రమే కాదు. అది కనబడకపోతే రేపు ఇంకొక కారు అదే వేగంతో ఆ బడి ముందుకు వస్తుంది. మేము కేసు గెలిస్తే మాకు 1,035 రూపాయలు మిగులుతాయి, బోర్డు మాత్రం కొమ్మల వెనుకనే ఉంటుంది. కాబట్టి ఫోటోలు తీసుకుపోవలసిన చోటు వేరే ఉన్నది.

కర్నూలుకు తిరిగివచ్చి మీ సేవ కేంద్రంలో 1,035 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాము. ఫోటోలు అతికించిన అర్జీని ఆ జిల్లా కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకొనే సోమవారం నాడు మా వకీలు అబ్బాయి చేత ఇప్పించాము. అందులో చెట్టు కొట్టమని రాయలేదు. బోర్డును చెట్టుకు ముందుకు మార్చమని, బడి ఎదుట దాటే చోట వేగం తగ్గే ఏర్పాటు చేయమని రాశాము. అవ్వ నీడ సంగతి కూడా ఒక వాక్యం రాశాము. అర్జీలో అటువంటివి రాయరని మా వకీలు నవ్వాడు, కాని కొట్టివేయలేదు.

తరువాత అబ్బాయిని పిలిచి ఆ అయిదు వందల నోటు తిరిగి ఇచ్చాము. మొదట వద్దన్నాడు. "తప్పు మాది నాయనా. నీవు ఊరు వస్తాందని చెప్పినావు, మేమే వినలేదు" అన్నాము. అప్పుడు తీసుకున్నాడు. "మరి గట్టిగా ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, తల వంచుకొని, "పెద్దోళ్ళు పొమ్మన్నాక ఎట్ల కాదంటాం సార్" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఇంకా వదలలేదు. మన ఇండ్లలో ఎంతోమంది బత్తాకు బండి నడిపే పిల్లలే. పెండ్లికి ఆలస్యమైనా, బస్సు తప్పిపోతున్నా, మనం వెనుక కూర్చొని వాళ్ళ వీపు మీద తట్టుతాము. వాళ్ళు కాదనలేరు. కాదంటే రేపు పిలవమేమోనని భయం. కాలు వాళ్ళది, లైసెన్సు వాళ్ళది. వేగం మాత్రం మనది.

ఇప్పుడు చలానాల పేరుతో వాట్సాప్‌లో దొంగ సందేశాలు కూడా వస్తున్నాయి గనుక ఒక హెచ్చరిక. వచ్చిన లింకును నొక్కి డబ్బు కట్టవద్దు. బండి నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో గాని, మీ సేవలో గాని, పోలీసు స్టేషనులో గాని చూపించుకోండి. ఫోటో చూడండి, నంబరు చూడండి, ఆ దినం బండి ఎక్కడ ఉన్నదో జ్ఞాపకం చేసుకోండి. గడువులూ పద్ధతులూ మారుతుంటాయి గనుక నోటీసులో ఉన్నది పూర్తిగా చదవండి. అన్నిటికంటె ముందు, ఆ సమయంలో కారులో ఎవరు ఏమి అన్నారో జ్ఞాపకం చేసుకోండి.

2024 సంక్రాంతి తరువాత మేము మరల కారులో కడపకు వెళ్ళాము. ఈసారి చెప్పిన సమయానికే బయలుదేరాము. ఆళ్ళగడ్డ దాటిన తరువాత అబ్బాయి ఏమీ అనకముందే మేమే, "ఊరు వస్తాంది నాయనా" అన్నాము. కొత్త బోర్డేమీ పెట్టలేదు. అయితే ఆ రెండు కొమ్మలలో ఒకదానిని ఎవరో కొట్టించారు. అంకె సగం కనబడుతున్నది, మిగిలిన కొమ్మ నీడ అవ్వ అంగడి మీద పడుతున్నది. అది కళింగర కాయల కాలం కాదు, జామకాయలు అమ్ముతున్నది. మేము పక్కకు ఆపి ఒక కిలో తీసుకున్నాము. మనవడు బడికి పోయాడట. మిగతా సగం అంకె కొరకు ఇంకొక అర్జీ రాసుకున్నాము. అది కూడా మా వకీలు అబ్బాయి చేతికి ఇవ్వడానికే తీసుకొని పోతున్నాము.